షోరూమ్ సర్వీసు బిల్లు మీద అనుమానమా? వైజాగ్ కారు ఓనర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడ షోరూమ్ అంటే కంపెనీ ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్ అని అర్థం. అక్కడ చేసే పనంతా మోసమని మేం అనడం లేదు. కానీ సర్వీస్ అడ్వైజర్‌కు (మీ బండి తీసుకుని ఎస్టిమేట్ రాసే ఉద్యోగికి) నెలనెలా టార్గెట్ ఉంటుంది, ఆ టార్గెట్ మీ ఎస్టిమేట్‌లో కనిపిస్తుంది. అందుకే ఈ పేజీలో చాలా జవాబులు చివరికి ఒక్క దగ్గరికే వస్తాయి: "పోయింది సార్, మార్చాలి" అన్నప్పుడు "కొలిస్తే ఎంత వచ్చింది?" అని అడగండి.

బండి ఇచ్చేటప్పుడు జాబ్ కార్డులో ఏం చూసుకోవాలి?

జాబ్ కార్డు అంటే మీ బండికి ఏ పనులు చేయాలో షోరూమ్ రాసుకునే కాగితం. సగం గొడవ ఇక్కడే తేలిపోతుంది. అడ్వైజర్ ట్యాబ్‌లో టకటకా కొట్టేసి "సంతకం పెట్టండి సార్" అంటాడు. వెనకాల ఇంకో నలుగురు నిలబడి ఉంటారు, మొహమాటానికి పెట్టేస్తాం. పెట్టకండి, ముందు చదవండి.

మీరు చెప్పిన సమస్య మీ మాటల్లోనే ఉండాలి. "సస్పెన్షన్ చెక్" అని రాస్తే, చెక్ చేశాం అని లేబర్ వేసి పంపేసినా మీరు నోరెత్తలేరు. "20 స్పీడులోపు స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు ముందు ఎడమవైపు టక్‌మని శబ్దం" అని రాయిస్తే, ఆ శబ్దం పోయిందో లేదో తేల్చాల్సిన బాధ్యత వాళ్ల మీద పడుతుంది. వీలైతే మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని ఆ శబ్దం వినిపించండి. అక్కడే పది నిమిషాల ట్రయల్ వేస్తే తర్వాత రెండు ట్రిప్పులు తప్పుతాయి.

రిమార్క్స్‌లో ఈ వాక్యం టైప్ చేయించండి: "ఎస్టిమేట్‌లో లేని ఏ పనైనా వాట్సాప్‌లో నా అనుమతి తీసుకున్నాకే చేయాలి, మార్చిన పాత పార్టులు నాకు ఇవ్వాలి." ట్యాబ్‌లో అంత చోటు లేదంటారు. అలాంటప్పుడు అదే వాక్యం అడ్వైజర్‌కు వాట్సాప్ చేసి, ఆయన "ఓకే" అని కొట్టేదాకా కౌంటర్ దగ్గరే ఉండండి. ఓడోమీటర్, ఫ్యూయల్ ముల్లు, నాలుగు వైపులా గీతలు, స్టెప్నీ, టూల్ కిట్ ఫొటోలు తీసుకోండి. ఇంజిన్ బేలో బ్యాటరీ మీద సీరియల్ నంబర్ కూడా ఒక ఫొటో తీయండి, ఎప్పుడో ఒకసారి పనికొస్తుంది.

మామూలు పీరియాడిక్ సర్వీసుకు ఇస్తే ఎస్టిమేట్ రెట్టింపు ఉంది. ఇందులో ఏవి తీసేయమనొచ్చు?

గ్లవ్ బాక్స్‌లో ఓనర్స్ మాన్యువల్ ఉంటుంది. చివర్లో మెయింటెనెన్స్ షెడ్యూల్ టేబుల్ ఉంటుంది, ఇన్ని కిలోమీటర్లకు ఇది మార్చాలి, ఇది చూడాలి అని. ఎస్టిమేట్‌ను దాని పక్కన పెట్టి లైను లైను చూడండి. టేబుల్‌లో ఉన్నది అవసరం. లేనిది అమ్మకం.

ఇప్పటి పెట్రోల్ కార్లలో ఎక్కువ వాటికి 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది. అప్పుడు మార్చేవి ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, డ్రెయిన్ ప్లగ్ వాషర్. ఎయిర్ ఫిల్టర్, ఏసీ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్గులు, కూలెంట్, బ్రేక్ ఆయిల్ వాటి వంతు వచ్చినప్పుడు మారుతాయి, ప్రతిసారీ కాదు. వైజాగ్‌లో పోర్టు, స్టీల్ ప్లాంటు వైపు తిరిగే బండ్లకు ఫిల్టర్లు దుమ్ముతో త్వరగా మూసుకుపోతాయి. అక్కడ అడ్వైజర్ చెప్పింది నిజమే కావచ్చు, ఫిల్టర్ బయటికి తీసి చూపించమంటే సరిపోతుంది.

షెడ్యూల్లో సాధారణంగా కనిపించనివి: ఇంజిన్ ఫ్లష్, ఇంజిన్ డ్రెస్సింగ్, ఫ్యూయల్ అడిటివ్, సైలెన్సర్ కోటింగ్, ఎలుకల స్ప్రే, ఇంటీరియర్ జెర్మ్ క్లీన్, బాడీ టెఫ్లాన్. ఇవి తీసేయమంటే బండికి ఏమీ కాదు. థ్రాటిల్ బాడీ క్లీనింగ్, ఇంజెక్టర్ క్లీనింగ్ వేరే సంగతి. ఐడ్లింగ్‌లో వణుకు, పికప్ తగ్గడం లాంటి లక్షణం ఉంటే అర్థముంది, ఏ లక్షణమూ లేని బండికి ఏటా చేయించడంలో అర్థం లేదు. వీల్ అలైన్‌మెంట్‌కు ముందు, తర్వాత రీడింగ్ ప్రింట్ వస్తుంది. ప్రింట్ ఇవ్వకపోతే ఆ డబ్బులు కట్టకండి.

కొన్నిచోట్ల ఇవన్నీ కలిపి ఏదో ఒక "కేర్ ప్యాకేజీ" పేరుతో ఒకే లైనులో వేస్తారు. విడగొట్టి ఒక్కోదాని ధర అడిగితే అందులో మూడొంతులు అక్కర్లేనివని తేలుతుంది.

చాలా కంపెనీల వెబ్‌సైట్‌లో, యాప్‌లో సర్వీస్ కాస్ట్ కాలిక్యులేటర్ ఉంటుంది. మోడల్, కిలోమీటర్లు కొడితే అంచనా చూపిస్తుంది. బండి ఇచ్చే ముందురోజు దాన్ని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. "మీ కంపెనీయే ఇంత అంటోంది, మీదెందుకు ఇంత?" అని అడగడానికి అంతకంటే మంచి కాగితం లేదు.

మొదటి సర్వీసులు ఫ్రీ అన్నారు, బిల్లు మాత్రం వేశారు?

ఫ్రీ అయ్యేది లేబరే. ఆయిల్, ఫిల్టర్, వాషర్లకు డబ్బులు కట్టాలి. కానీ ఫ్రీ సర్వీసులో "చెకింగ్ లేబర్" అని వేస్తే అడగండి.

బీచ్ దగ్గర ఉంటున్నారు కదా, అండర్‌బాడీ కోటింగ్ తప్పదంటున్నారు. నిజమేనా?

ఈ ఒక్క విషయంలో వైజాగ్ వాళ్లకు జవాబు హైదరాబాద్ వాళ్లకు చెప్పినట్టు ఉండదు. బీచ్ రోడ్డు, పెదవాల్తేరు, రుషికొండ, భీమిలి వైపు ఆరుబయట పెట్టే బండికి ఉప్పుగాలి గట్టిగానే తగులుతుంది. ఎగ్జాస్ట్ జాయింట్లు, బ్రేక్ కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) పిన్నులు, సస్పెన్షన్ బోల్టులు, ఏసీ కండెన్సర్ ముందుగా దెబ్బతింటాయి. షీట్ మెటల్‌కు ఫ్యాక్టరీలోనే రస్టు ప్రొటెక్షన్ వేసి పంపుతారు కాబట్టి అది చాలాకాలం నిలుస్తుంది.

కోటింగ్ వల్ల మేలుందా అంటే, సరిగ్గా వేస్తే ఉంది. సరిగ్గా అంటే ముందు లిఫ్ట్ మీద ఎక్కించి నీళ్లతో కడగాలి, పూర్తిగా ఆరబెట్టాలి, ఉన్న తుప్పు గీకాలి, ఆ తర్వాత స్ప్రే చేయాలి. పొద్దున్న ఇచ్చిన బండికి మధ్యాహ్నానికల్లా సర్వీసు, వాషింగ్, కోటింగ్ అన్నీ అయిపోయాయంటే తడి మీద కొట్టారనే అనుకోవాలి. తడి మీద కొట్టిన కోటింగ్ లోపల నీటిని పట్టి ఉంచుతుంది, అసలు వేయకపోతే పట్టే తుప్పు కంటే అది ఎక్కువ తుప్పు పట్టిస్తుంది. డ్రెయిన్ రంధ్రాలు మూసేశారేమో కూడా చూడాలి, డోర్ల కింద, సిల్ (డోరు కింది గడప) కింద ఉంటాయి. బ్రేకులు, సైలెన్సర్, రబ్బరు బుష్‌ల మీద కోటింగ్ పడకూడదు.

కోటింగ్ వేయించుకోని వాళ్లు రెండు వారాలకోసారి కింద మంచినీళ్లతో గట్టిగా కడిగిస్తే చాలావరకు సరిపోతుంది. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే వాటితో కడిగి ప్రయోజనం లేదు.

ఇంకొకటి. రాత్రి వాన పడి పొద్దున్న చూస్తే బ్రేక్ డిస్కు మీద నారింజరంగు తుప్పు కనిపిస్తుంది. అది పైపైదే, నాలుగైదు బ్రేకులకు పోతుంది. దాన్ని ఫొటో తీసి పంపి "డిస్కులు తుప్పుపట్టాయి, మార్చాలి" అన్నవాళ్లు ఉన్నారు.

బ్రేక్ ప్యాడ్లు, డిస్కులు అన్నీ మార్చాలన్నారు. ఎలా తెలుసుకోవాలి?

కొత్త ప్యాడ్‌లో రాపిడి పదార్థం మందం సుమారు 10 మిల్లీమీటర్లు ఉంటుంది. 3 మి.మీ. దగ్గరికి వస్తే మార్చాలి. 6 ఉందంటే ఇంకా సగం జీవితం ఉన్నట్టే. డిస్కు విషయంలో ఊహకు తావే లేదు, కనీస మందం ఎంతో డిస్కు మీదే చెక్కి ఉంటుంది, లేదా వర్క్‌షాప్ మాన్యువల్‌లో ఉంటుంది. మైక్రోమీటర్ పెట్టి కొలిచి ఆ అంకెతో పోల్చాలి. కనీసం కంటే మందంగా ఉండి, బ్రేకు వేస్తే స్టీరింగ్ వణకకపోతే, లోతైన గాడి పడకపోతే డిస్కు మార్చక్కర్లేదు.

లోపలి ప్యాడు, బయటి ప్యాడు రెండూ చూపించమనండి. ఒకటి 7, ఇంకొకటి 2 ఉందంటే తప్పు ప్యాడుది కాదు. కాలిపర్ స్లైడ్ పిన్ను బిగుసుకుపోయింది. సముద్రం ఒడ్డున ఇది మామూలే. పిన్ను తీసి శుభ్రం చేసి, హై టెంపరేచర్ గ్రీజు పెట్టి, రబ్బరు బూటు మార్చితే అయిపోతుంది. ఆ పని చేయకుండా ప్యాడ్లు మాత్రం మార్చి పంపితే కొత్తవీ అలాగే అరుగుతాయి, ఆర్నెల్లలో మళ్లీ వెళ్తారు. ప్యాడ్లు మాత్రం ఎప్పుడు మార్చినా ఒక యాక్సిల్‌కు రెండువైపులా కలిపే మార్చాలి, అందులో మోసం లేదు.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమ పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 ఆయిల్ కనీస మరుగు స్థానం 230 డిగ్రీలు, తేమ పట్టాక 155కు పడిపోతుంది. అరకు ఘాట్ దిగేటప్పుడు బ్రేకు పెడల్ మెత్తబడిందంటే కారణం ఇదే కావచ్చు. మన ఊరి తేమకు రెండేళ్లకోసారి మార్చడం సబబే. ఈ ఖర్చును అనుమానించకండి.

చెక్ ఇంజిన్ లైటు వచ్చింది. సెన్సార్ మార్చాలని పెద్ద ఎస్టిమేట్ ఇచ్చారు?

స్కానర్ చూపించేది కోడ్. ఏ పార్టు పోయిందో కోడ్ చెప్పదు, ఏ కొలత తేడాగా ఉందో చెబుతుంది. అడ్వైజర్లు ఈ రెంటినీ ఒకటి చేసి మాట్లాడతారు, డబ్బులు పోయేది అక్కడే.

ఉదాహరణకు పీ0301 అంటే ఒకటో సిలిండర్‌లో మిస్‌ఫైర్ (పెట్రోల్ సరిగ్గా మండకపోవడం). కారణం ఇగ్నిషన్ కాయిల్ కావచ్చు, ప్లగ్గు కావచ్చు, ఇంజెక్టర్ కావచ్చు, కంప్రెషన్ తగ్గి ఉండొచ్చు. తేల్చడానికి ఖర్చేమీ లేదు. ఒకటో సిలిండర్ కాయిల్ తీసి రెండో దానికి, రెండోది ఒకటికి మార్చి, కోడ్ చెరిపి, బండి నడపాలి. కోడ్ పీ0302కు మారితే కాయిల్ పోయినట్టు. మారకపోతే కాయిల్ బాగానే ఉంది, అదే పద్ధతిలో ప్లగ్గు చూడాలి. ఇది పావుగంట పని. ఇది చేయకుండా నాలుగు కాయిళ్లూ రాసిన ఎస్టిమేట్‌కు ఒప్పుకోకండి.

పీ0171 అంటే ఇంజిన్‌లోకి గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ వెళ్తోందని. ఆక్సిజన్ సెన్సార్ మార్చేద్దాం అంటారు. ఆ సెన్సార్ పాపం ఉన్నది ఉన్నట్టు చెబుతోంది. ముందు ఇన్‌టేక్ గొట్టాల్లో పగుళ్లు, వదులైన క్లిప్పులు, ఎయిర్ ఫ్లో సెన్సార్ మురికి, ఫ్యూయల్ ప్రెషర్ చూడాలి. పీ0420 వస్తే క్యాటలిటిక్ కన్వర్టర్ (ఎగ్జాస్ట్ పొగను శుభ్రపరిచే భాగం) మార్చాలంటారు. చాలా ఖరీదైన పార్టు. ఎగ్జాస్ట్ లీకు, మిస్‌ఫైర్ లేవని, వెనక ఆక్సిజన్ సెన్సార్ రీడింగ్ సరిగ్గానే ఉందని తేలాకే దాని జోలికి వెళ్లాలి.

స్కాన్ రిపోర్టు ప్రింటు లేదా స్క్రీన్ ఫొటో అడగండి, కోడ్ చెరపకముందే. చెరిపేశాక మీ దగ్గర ఏమీ మిగలదు. కారు కంప్యూటర్‌లోని కోడ్‌లు చదివే బ్లూటూత్ ఓబీడీ స్కానర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. స్టీరింగ్ కింద పోర్టులో పెట్టి ఫోన్‌లో కోడ్ చూసుకుని వెళ్తే మాట్లాడే తీరే మారిపోతుంది. లైటు మిణుకుమిణుకుమంటుంటే మాత్రం ఇవేవీ వద్దు. మిస్‌ఫైర్ ఎక్కువగా ఉందని అర్థం, అలాగే నడిపితే కన్వర్టర్ నిజంగానే పోతుంది.

ఏసీ కూలింగ్ తగ్గింది, గ్యాస్ ఫిల్లింగ్ అన్నారు. ఏటా ఇదే తంతు.

ఏసీ గ్యాసు పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే చాలావరకు ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకు వెతక్కుండా గ్యాసు నింపడమంటే చిల్లు కుండలో నీళ్లు పోయడమే.

బానెట్ కింద స్టిక్కర్ మీద గ్యాస్ రకం, బరువు గ్రాముల్లో రాసి ఉంటుంది. చిన్న కార్లకు దాదాపు అర కిలో లోపే. రికవరీ మెషీన్ పెట్టి ఉన్న గ్యాసు బయటికి లాగినప్పుడు ఎన్ని గ్రాములు వచ్చాయో స్క్రీన్ చూపిస్తుంది. ఆ అంకె అడగండి. స్టిక్కర్ మీద 450 ఉండి 430 వస్తే గ్యాసు సమస్యే కాదు. కండెన్సర్ ఫ్యాన్ తిరగకపోవడమో, ఏసీ ఫిల్టర్ మూసుకుపోవడమో, కంప్రెసరో చూడాలి. 200 వస్తే లీకుంది. నైట్రోజన్ ప్రెషర్ పెట్టి లేదా యూవీ డై వేసి చోటు కనుక్కోవాలి. మన దగ్గర ముందుగా అనుమానించాల్సింది రేడియేటర్ ముందుండే కండెన్సర్‌నే. లీకైన చోట నూనె మరక, దానిమీద దుమ్ము అతుక్కుని కనిపిస్తుంది. లీకు బాగుచేశాక కనీసం 20 నుంచి 30 నిమిషాలు వాక్యూమ్ పెట్టి, అది నిలుస్తోందో లేదో చూసి, స్టిక్కర్ మీదున్న బరువే నింపాలి. ఎక్కువ నింపినా కూలింగ్ తగ్గుతుంది.

ఏసీ ఫిల్టర్ చాలా కార్లలో గ్లవ్ బాక్స్ వెనకే ఉంటుంది, మీరే మార్చుకోవచ్చు. దానికి లేబర్ వేస్తే నవ్వుకోవాలి.

ముందు చక్రాల దగ్గర శబ్దానికి షాకబ్జార్బర్లు, లోయర్ ఆర్ములు అన్నీ రాశారు?

చిన్న గతుకులకు టకటకమంటే ముందు చూడాల్సింది స్టెబిలైజర్ లింకులు, చవకైనవి. తర్వాత స్ట్రట్ మౌంటు, ఆర్మ్ బుష్‌లు, బాల్ జాయింట్లు. లిఫ్ట్ మీద ప్రై బార్ పెట్టి ఒక్కోదాన్ని కదిపి మీ కళ్లముందు చూపించమనండి. షాకబ్జార్బర్ పోయిందనడానికి గుర్తు నూనె కారడం. పైన తేమ దుమ్ము ఉంటే లీకు కాదు, తుడిచి వారం నడిపి చూడొచ్చు.

బ్యాటరీ పోయిందన్నారు?

టెస్టర్ ప్రింటు అడగండి. ఇంట్లో మల్టీమీటర్ ఉంటే, రాత్రంతా ఆపి ఉంచిన బండికి పొద్దున్నే 12.6 వోల్టులు వస్తే ఫుల్ చార్జ్ ఉన్నట్టు, 12.2 అంటే సగం. స్టార్ట్ చేసేటప్పుడు 9.6 కంటే కిందికి పడితే బ్యాటరీ బలహీనం. ఇంజిన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.4 మధ్య రావాలి, రాకపోతే ఆల్టర్నేటర్ చూడాలి (కొన్ని కొత్త కార్లలో ఇది కావాలనే హెచ్చుతగ్గులవుతుంది). మారుస్తున్నట్టయితే బ్యాటరీ మీద వారంటీ మిగిలుందేమో తయారీ తేదీ చూసుకోండి. బయటి డీలర్లు పాత బ్యాటరీకి ఎక్స్‌చేంజ్ ధర తగ్గిస్తారు, షోరూమ్ బిల్లులో ఆ తగ్గింపు కనిపించాలి.

క్లచ్ ప్లేట్లు?

మూడో గేరులో 30 స్పీడులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కండి. ఆర్‌పీఎం ఎగబాకి బండి మాత్రం ముందుకు దూకకపోతే క్లచ్ జారుతోంది. ఈ లక్షణం లేకుండా, కిలోమీటర్లు ఎక్కువయ్యాయన్న కారణంతో గేర్‌బాక్స్ దింపించకండి. దింపాల్సి వస్తే డిస్కు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు మూడూ కలిపే వేయించండి. లేబరే ఎక్కువ కాబట్టి బేరింగు దగ్గర కక్కుర్తి పడితే మళ్లీ అంతా దింపాలి.

బిల్లు ఎలా చదవాలి?

గేట్ పాస్ కంటే ముందు ప్రీ ఇన్‌వాయిస్ (ఫైనల్ బిల్లుకు ముందు వచ్చే ముసాయిదా) అడిగి పక్కన కూర్చుని చదవండి. మూడు చోట్ల తేడాలు దొరుకుతాయి.

ఒకటి ఎమ్మార్పీ. ప్యాకెట్ మీది ఎమ్మార్పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఆటో పార్టులన్నింటికీ జీఎస్టీ 18 శాతమే. 1,180 రూపాయల ఎమ్మార్పీ ఉన్న పార్టుకు బిల్లులో 1,000 ధర, 180 పన్ను ఉండాలి. 1,180 మీద మళ్లీ 18 శాతం వేస్తే 212 రూపాయల 40 పైసలు అదనంగా లాగినట్టు. ఇది తూనికలు కొలతల శాఖకు ఫిర్యాదు చేయదగ్గ విషయం. లేబర్‌కు మాత్రం పన్ను విడిగా 18 శాతం వేస్తారు, అది సరే.

రెండు పరిమాణం. మాన్యువల్‌లో మీ ఇంజిన్‌కు ఫిల్టర్‌తో కలిపి 3.1 లీటర్లు అని ఉంటే బిల్లులో 4 లీటర్లు ఉండకూడదు. డబ్బా విప్పి పోశాం అంటే మిగిలిన 900 మిల్లీలీటర్లు మీవే, తెచ్చుకోండి. ఆయిల్ గ్రేడ్ (చిక్కదనం) కూడా చూడండి. 0డబ్ల్యూ-16 అడిగే ఇంజిన్‌కు డ్రమ్ములో ఉన్నది పోసేస్తారు కొన్నిచోట్ల. బండి చదునుగా నిలబెట్టి, ఇంజిన్ ఆపిన ఐదు నిమిషాలకు డిప్‌స్టిక్ తీసి చూడండి. పై గీత దాటి ఉన్నా తప్పే.

మూడు లేబర్. ఒక పనిలో ఇంకో పని కలిసే ఉంటుంది. డిస్కు మార్చాలంటే కాలిపర్ ఎలాగూ విప్పాలి. ప్యాడ్ లేబర్, డిస్కు లేబర్ రెండూ పూర్తిగా వేస్తే ఒకే పనికి రెండుసార్లు కట్టినట్టు. "కన్స్యూమబుల్స్" అని గుండుగుత్తగా వేసిన లైనుకు వివరం అడగండి.

పాత పార్టులు అడిగితే ఇవ్వాలా?

మీ డబ్బుతో మార్చిన పార్టు మీదే. వారంటీ కింద ఉచితంగా మార్చినదైతే కంపెనీకి తిరిగి వెళ్తుంది, అది ఇవ్వరు. ఇంటికి తెచ్చుకోవడం ఇష్టం లేకపోతే కనీసం చూసి ఫొటో తీసుకోండి.

బయట చేయిస్తే వారంటీ పోతుందని భయపెడుతున్నారు.

వారంటీ కాలంలో పీరియాడిక్ సర్వీసులు షెడ్యూల్ ప్రకారం ఆథరైజ్డ్ సెంటర్‌లోనే చేయించడం క్షేమం. బుక్‌లెట్‌లో షరతు అలాగే ఉంటుంది, దాంతో గొడవ పెట్టుకుని లాభం లేదు. కానీ అదే కంపెనీకి ఊళ్లో ఇంకో డీలర్ ఉండొచ్చు. ఒకచోట నచ్చకపోతే రెండోచోటికి వెళ్లండి, సర్వీస్ హిస్టరీ కంపెనీ సిస్టమ్‌లో కనిపిస్తుంది.

టైర్లు, బ్యాటరీ, వైపర్లు, అలైన్‌మెంట్, పంక్చర్ లాంటివి బయట చేయించినంత మాత్రాన ఇంజిన్ వారంటీ పోదు. వైరింగ్ కోసి బయటి లైట్లు, హారన్లు పెట్టిస్తే మాత్రం ఎలక్ట్రికల్ వారంటీ మీద నిజంగానే కొర్రీ వేస్తారు. స్పేర్ పార్టులను బయటి మార్కెట్లో దొరకనివ్వడం లేదని, బయట రిపేరు చేయిస్తే వారంటీ రద్దంటున్నారని 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ (వ్యాపారంలో పోటీని కాపాడే కేంద్ర సంస్థ) 14 కార్ల కంపెనీలను తప్పుపట్టి, మొత్తం 2,544.65 కోట్ల జరిమానా వేసింది. ఆ తర్వాత అప్పీళ్లు నడిచాయి. వారంటీ తిరస్కరిస్తే కారణం లిఖితపూర్వకంగా, బుక్‌లెట్‌లో ఏ క్లాజు కిందో చెప్పమని ఈమెయిల్ పెట్టండి. నోటితో గట్టిగా చెప్పిన చాలామంది రాయమనేసరికి మెత్తబడతారు.

వారంటీ అయిపోయాక గాజువాక ఆటోనగర్ ఉంది. రెండో అభిప్రాయానికి, ఒక్క బుష్ మార్చడానికి, లేత్ పనికి షోరూమ్ కంటే అక్కడే నయం. అక్కడా బిల్లు అడగండి. పార్టు ప్యాకెట్ మీ ముందే విప్పించండి, నకిలీ ఫిల్టర్లు, ప్యాడ్లు మార్కెట్లో తిరుగుతున్నాయి.

వానకు నీళ్లలో ఆగిపోయింది. ఇంజిన్ మొత్తం మార్చాలంటున్నారు?

నీళ్లలో ఆగిన బండిని మళ్లీ స్టార్ట్ చేయడానికి ప్రయత్నించకండి, ఒక్కసారి కూడా. నీరు నొక్కుకుపోదు కాబట్టి సిలిండర్‌లో నీళ్లుండగా తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. బ్యాటరీ నెగటివ్ తీసేసి, ఫ్లాట్‌బెడ్ మీద తీసుకెళ్లండి.

వర్క్‌షాప్‌లో వరస ఇది: ఎయిర్ ఫిల్టర్ తడిసిందా చూడాలి, ఆయిల్ పాలలా తెల్లబడిందా చూడాలి, ప్లగ్గులన్నీ తీసి క్రాంక్‌ను చేత్తో తిప్పాలి, నీళ్లు చిమ్మేయాలి, తర్వాత కంప్రెషన్ కొలవాలి. ఫిల్టర్ పొడిగా ఉంటే నీళ్లు లోపలికి వెళ్లనట్టే, ఇంజిన్ అసెంబ్లీ ఎస్టిమేట్‌కు ఆధారం ఏమిటో చెప్పమనండి. స్టార్ట్ చేసి పాడుచేసుకున్న ఇంజిన్‌కు మామూలు ఇన్సూరెన్స్ పాలసీలో డబ్బు రావడం కష్టం, ఇంజిన్ ప్రొటెక్షన్ యాడ్ ఆన్ (అదనపు కవర్) ఉండాలి. అక్టోబరు తుపానులు మనకు కొత్త కాదు, హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న నేరుగా ఊరి మీదికే వచ్చింది. పాలసీ రెన్యువల్లో ఈ యాడ్ ఆన్ తీసేసి మిగిల్చుకునే డబ్బు పెద్దదేం కాదు.

ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లో నా చేతి నుంచి ఎందుకు కట్టాలి?

జీరో డిప్రిసియేషన్ (పార్టుల అరుగుదలకు కోత వేయని యాడ్ ఆన్) లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు, బ్యాటరీ, టైర్లకు 50 శాతం, ఫైబర్‌కు 30 శాతం, లోహపు పార్టులకు బండి వయసును బట్టి కోత ఉంటుంది. అద్దాలకు ఉండదు. దీనిమీద 1500 సీసీ వరకు 1,000 రూపాయలు, దాటితే 2,000 తప్పనిసరి మినహాయింపు. ఇవి కాక ఇంకేమైనా అడిగితే సర్వేయర్ రిపోర్టు కాపీ తీసుకుని పోల్చండి.

చెప్పకుండా పని చేసి బిల్లు వేశారు. కట్టకపోతే కారు ఇవ్వరట.

1872 కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ ప్రకారం, ఒప్పుకున్న పని చేసినవాడు దాని డబ్బు వచ్చేదాకా వస్తువును తన దగ్గర ఉంచుకోవచ్చు. ఒప్పుకోని పనికి ఆ హక్కు వర్తించదని మీరు వాదించవచ్చు. కానీ వాదన తేలేదాకా కారు వాళ్ల యార్డులోనే ఉంటుంది, రోజుకింత పార్కింగ్ చార్జీ అని కొత్త పాట మొదలవుతుంది.

కాబట్టి ముందు వర్క్స్ మేనేజర్‌తో మాట్లాడి, ఒప్పుకున్న పనికి మాత్రమే కడతానని ఈమెయిల్ పెట్టండి. కదలకపోతే కట్టేసి కారు తెచ్చుకోండి. కట్టేటప్పుడు యూపీఐ లేదా కార్డు వాడండి, నగదు వద్దు. ఇన్‌వాయిస్ రెండు కాపీల మీదా "ఈ ఈ పనులకు నా అనుమతి లేదు, అభ్యంతరంతో చెల్లిస్తున్నాను" అని రాసి సంతకం, తేదీ వేయండి. "పని తృప్తికరంగా ఉంది" అన్న అచ్చు కాగితం మీద సంతకం పెట్టకండి. అప్పుడే ఈమెయిల్ కూడా పంపండి.

మార్చిన తర్వాత కూడా అదే సమస్య ఉంది. ఇప్పుడు ఇంకో పార్టు అంటున్నారు.

కొత్త జాబ్ కార్డులో "రిపీట్ కంప్లయింట్" అని, పాత ఇన్‌వాయిస్ నంబరుతో సహా రాయించండి. మొదటి పార్టు ఏ పరీక్ష ఆధారంగా మార్చారో అడగండి. సమాధానం లేకపోతే, ఆ పార్టు అనవసరంగా మార్చారు కాబట్టి దాని ధర, లేబర్ రెండో బిల్లులో తగ్గించమనండి. చాలా డీలర్లు దీనికి ఒప్పుకుంటారు, అడగనివాళ్లకే ఇవ్వరు. ఒరిజినల్ పార్టులకు నిర్ణీత కాలం వారంటీ ఉంటుంది, బిల్లు ఉంటే దేశంలో ఎక్కడైనా అదే కంపెనీ డీలర్ దగ్గర అడగొచ్చు.

ఫిర్యాదు ఎవరికి, ఏ వరసలో?

సర్వీస్ అడ్వైజర్, వర్క్స్ మేనేజర్, డీలర్ జనరల్ మేనేజర్, ఆ తర్వాత కంపెనీ కస్టమర్ కేర్. కస్టమర్ కేర్‌లో ఫోన్‌తో ఆగకుండా ఈమెయిల్ పెట్టి టికెట్ నంబరు తీసుకోండి. కంపెనీ ఏరియా సర్వీస్ మేనేజర్ బండి చూడాలని అడగండి. డీలర్ భయపడేది ఆయనకే.

ఈమెయిల్ ఒక పేజీ దాటకూడదు. రిజిస్ట్రేషన్ నంబరు, జాబ్ కార్డు, ఇన్‌వాయిస్ నంబర్లు, తేదీలు, ఏ లైను మీద అభ్యంతరం, ఎందుకు, ఎంత తిరిగివ్వాలి, ఎన్ని రోజుల్లో. తిట్లు, ట్విటర్‌లో పెడతానన్న బెదిరింపులు అక్కర్లేదు. పదిహేను రోజుల్లో తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులో చెప్పొచ్చు. వాళ్లు తీర్పు ఇవ్వరు, ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు రప్పిస్తారు. చిన్న మొత్తాలు చాలావరకు ఇక్కడే తేలిపోతాయి.

వినియోగదారుల కమిషన్‌కు వెళ్తే లాయరు కావాలా, ఖర్చెంత?

లాయరు తప్పనిసరి కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే లేదా పనిచేసే చోట కేసు వేయొచ్చు, కాబట్టి కంపెనీ ఆఫీసు గురుగ్రామ్‌లో ఉన్నా విశాఖ జిల్లా కమిషన్‌లోనే వేసుకోవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. రిపేరు బిల్లు మీద గొడవ దాదాపు ఎప్పుడూ ఈ లోపే. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. సమస్య తలెత్తిన రెండేళ్లలోపు వేయాలి. చట్టంలో మూడు నెలలు, ల్యాబ్ పరీక్ష కావాలంటే ఐదు నెలలు అని గడువుంది, ఆచరణలో అంతకంటే ఎక్కువే పడుతుంది.

డీలర్‌ను, తయారీ కంపెనీని ఇద్దరినీ ప్రతివాదులుగా పెట్టండి. లేకపోతే ఒకరి మీద ఒకరు తోసేసుకుంటారు. అక్కడ నిలిచేది కాగితమే: జాబ్ కార్డు, ఎస్టిమేట్, ఇన్‌వాయిస్, వాట్సాప్ చాట్, స్కాన్ రిపోర్టు, పాత పార్టు ఫొటోలు. పార్టులో లోపముందా లేదా అన్నది సాంకేతిక విషయమైతే లైసెన్సున్న సర్వేయర్ లేదా అర్హత గల ఇంజినీర్ రాసిచ్చిన అభిప్రాయం జతచేయండి. పక్కవీధి మెకానిక్ చెప్పాడంటే బలం చాలదు. ఆ అభిప్రాయం వచ్చేదాకా పార్టును బయట మార్చేయకండి, మార్చేస్తే సాక్ష్యం పోయినట్టే.

ట్యాక్సీ నడిపేవాళ్లకు ఒక సంగతి. వ్యాపారం కోసం కొన్నవాళ్లు ఈ చట్టంలో వినియోగదారులు కారు. కానీ స్వయం ఉపాధిగా, జీవనోపాధికి సొంతంగా నడుపుకునే బండి అయితే అవుతారు. అరకు, లంబసింగి ట్రిప్పులకు ఒక్క బండి తిప్పుకునే ఓనర్ కమ్ డ్రైవరు ఆ మాట ఫిర్యాదులో స్పష్టంగా రాయాలి. పది బండ్లున్న ట్రావెల్స్ అయితే సివిల్ కోర్టే దారి.

సర్వీస్ అయ్యాక "కంపెనీ నుంచి ఫోన్ వస్తుంది, పదికి పది ఇవ్వండి సార్" అని బతిమాలుతున్నారు?

ఆ మార్కుల మీదే డీలర్‌కు, అడ్వైజర్‌కు ఇన్సెంటివ్ ఉంటుంది, అందుకే అంత బతిమాలుకోవడం. బిల్లు గొడవ తేలకముందు పది ఇస్తే తర్వాత మీరు పెట్టే ఫిర్యాదుకు అదే అడ్డొస్తుంది. "బిల్లు సరిచేయండి, అప్పుడు మాట్లాడదాం" అని డెలివరీ కౌంటర్ దగ్గరే చెప్పండి. ఆ ఫోన్ రాకముందు రెండుమూడు రోజుల్లో వర్క్స్ మేనేజర్ స్వయంగా ఫోన్ చేస్తే, క్రెడిట్ నోట్ (బిల్లులో తగ్గించిన మొత్తానికి ఇచ్చే కాగితం) ఎప్పుడిస్తారో వాట్సాప్‌లో పెట్టమనండి.